పాల డైరీ దగ్గర సాక్ష్యం

మంజుశ్రీ నోటి దగ్గరి కూడు లాగేసింది మీరే. మా చర్చిలో ముందు బెంచీల్లో కూర్చునే పెద్దలారా, మిమ్మల్నే అంటున్నాను. పట్టుపురుగుల షెడ్లున్న పెద్ద ఇళ్ళవాళ్ళారా, మిమ్మల్ని కూడా. ఇరవై ఆరేళ్ళ పిల్ల. రెక్కలు తప్ప ఇంకేమీ లేని పిల్ల. మీలో కొందరు ఆమె మీద నింద వేశారు. ఇంకొందరు అది అబద్ధమని తెలిసి కూడా కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నారు. ఏది పెద్ద తప్పో మీరే తేల్చుకోండి. ఒక రోజంతా నేనూ మీలో ఒకదాన్నే. అది కూడా దాచను.

పోయిన ఎండాకాలం జరిగింది. మా ఊరు కర్ణాటకలో దిబ్బూరహళ్ళి దగ్గర. నా పేరు ప్రతిమ. బడి ఏడో తరగతితో అయిపోయింది, మిగతాది అర్జీలు రాస్తూ, పోలీసుల చేత తిట్లు తింటూ నేర్చుకున్నాను. కూలి ఆడవాళ్ళ సంఘం నడుపుతాను. మా ఆయన దేవరాజ్. మాకు ఎకరంన్నర మల్బరీ తోట ఉంది. పురుగులు మేపం, మేపేవాళ్ళకు ఆకు అమ్ముతాం. ఆయన తాత కాలం నుంచి వాళ్ళు క్రైస్తవులు. నేను పెళ్ళయ్యాక చర్చికి పోవడం మొదలుపెట్టాను. పాటలప్పుడు పాడతాను, ప్రసంగం మొదలైతే కునుకు తీస్తాను.

మా చర్చిలో ఆదివారం సాక్ష్యం చెప్పే వేళ ఒకటి ఉంటుంది. లేచి నిలబడి దేవుడు తనకు ఏ మేలు చేశాడో చెప్పాలి. బైకు మీది నుంచి పడినా దెబ్బ తగల్లేదని ఒకరు, కొడుక్కి బెంగళూరులో పని దొరికిందని ఒకరు. పద్దెనిమిదేళ్ళలో దేవరాజ్ ఒక్కసారి కూడా లేవలేదు.

"నీకేమీ చేయలేదా మీ దేవుడు?" అని ఎగతాళి చేసేదాన్ని.

"చేసినాడు. దాన్ని పట్టుకొని నేనేమి చేసినానో చెప్పమంటే, చెప్పేదానికేమీ లేదు" అనేవాడు. తప్పించుకునే మాట అనుకునేదాన్ని.

ఈస్టర్ మరుసటి రోజు, సోమవారం, లక్ష్మణప్ప బైకు మీద మా ఇంటికి వచ్చాడు. అరవై దాటిన మనిషి, ఊళ్ళో అందరికంటే పెద్ద షెడ్డు ఆయనదే. పట్టుపురుగు చర్మం విడిచే ముందు మేత మానేసి కదలకుండా పడుకుంటుంది. దాన్ని మా వైపు జ్వరం అంటారు. నాలుగు జ్వరాలు లేచిన పురుగు ఆకలికి అడ్డూ ఆపూ ఉండదు. షెడ్డు బయట నిలబడితే అవి ఆకు నమిలే చప్పుడు వాన పడినట్టు వినిపిస్తుంది. సరిగ్గా ఆ సమయానికే లక్ష్మణప్ప బోరు ఎండిపోయింది. తోటలో ఆకు అయిపోయింది.

"దేవరాజా, రెండు దినాలకి ఆకు సర్దప్పా. పురుగు అల్లాడతా ఉండాది."

"దానికేమప్పా, పొద్దున్నే కోసి తెస్తా."

మంగళవారం తోటలో పై సగం కోసి మోశాడు. బుధవారం ఆ సగంలో ఆకు చాల్లేదు. మధ్యలో గట్టు దాటి కింది సగంలో ఆరు సాళ్ళు కోశాడు. ఆ రెండు రోజులూ ఇంకో రెండు తోటల ఆకు కూడా ఆ షెడ్డుకు పోయింది.

గురువారం పొద్దున లక్ష్మణప్ప షెడ్డు దగ్గర ఏడుపు. నేనూ పరుగెత్తాను. తట్టల్లో పురుగులు తలలు పైకెత్తి అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. నోట్లోంచి పచ్చటి నీళ్ళు కక్కుతున్నాయి. కొన్ని అప్పటికే నల్లబడి ముడుచుకుపోయాయి. ఇంకో నాలుగు రోజులైతే గూళ్ళు కట్టేవి. లక్ష్మణప్ప గడప మీద కూలబడ్డాడు.

ఆయన తల్లి లక్ష్మీనరసమ్మకు ఎనభై ఏళ్ళు. మొదట నోరు తెరిచింది ఆమే.

"మైల తగిలింది. ఎవురో ముట్టుతో లోపల కాలు పెట్టినారు. నిన్న ఆకు పరిచింది ఎవురు?"

ఎవరో "మంజుశ్రీ" అన్నారు.

ఆ షెడ్డులో కూలికి పోయే మా కాలనీ పిల్ల. మా చర్చి మనిషి కాదు, మా సంఘం మనిషి. బుధవారం సాయంత్రం ఆమెకు నెలసరి వచ్చిన మాట కొళాయి దగ్గర నీళ్ళు పట్టుకునే ఆడవాళ్ళకు తెలుసు. నెలసరిలో ఆడది పురుగుల షెడ్డులోకి అడుగు పెట్టకూడదన్నది మా వైపు నియమం. శుక్రవారం పొద్దున పాల డైరీ దగ్గర క్యాన్లు పట్టుకుని నిలబడ్డ ప్రతి నోటా అదే మాట.

"సాయంత్రం అయింది అక్కా నాకు, పొద్దున కాదు" అని మంజుశ్రీ నా ముందర ఏడ్చింది.

"పొద్దునైతే మాత్రం ఏమే?" అని అరిచాను.

"నీకేమక్కా, ఎన్ని మాటలైనా చెప్తావు. రేపు నన్ను కూలికి ఎవురు పిలుస్తారు?"

ఎవరూ పిలవలేదు. లక్ష్మణప్ప షెడ్డే కాదు, ఏ షెడ్డూ పిలవలేదు. తోటల్లో కలుపుకు కూడా పిలవలేదు. మంజుశ్రీ అత్త ఆమె కంచం తెచ్చి వసారాలో పెట్టింది.

ఇక నేను ఊరుకుంటానా? మా ఆకు మీద నాకు అనుమానమే లేదు. రేష్మె ఇలాఖెలో, అంటే పట్టు పరిశ్రమ శాఖలో, అర్జీ ఇచ్చాను. మరుసటి శుక్రవారం అరవై మంది ఆడవాళ్ళను తీసుకుని చిక్కబళ్ళాపురం పోయి ఆ శాఖ ఆఫీసు ముందు కూర్చున్నాను. మైకు పట్టుకుని గొంతు చించుకున్నాను. "పురుగును చంపింది ఆడదాని ఒళ్ళు కాదు, మందు! ఏ తోటలో మందు కొట్టిన ఆకు కోసినారో తేల్చండి! దాచిపెట్టినోడు ఎవుడైనా సరే, ఊరి ముందర నిలబెట్టండి!" ఆఫీసరు బయటికి వచ్చి, సోమవారం వచ్చి తోటలు చూస్తామన్నాడు. ఆ మాటలు ఫోనులో ఊరంతా విన్నారు. దేవరాజ్ కూడా విన్నాడు.

శనివారం మధ్యాహ్నం అన్నానికి ఎంత పిలిచినా రాకపోతే తోటలోకి పోయాను. కోసేసిన ఆరు సాళ్ళ మధ్య నిలబడి ఉన్నాడు.

"ఏమి, ఆకలి లేదా?"

"ఆ మందు నాదే ప్రతిమా."

అర్థం కాలేదు. చేత్తో ఆ సాళ్ళు చూపించాడు.

కింది సగంలో ఆకు చుట్టే పురుగు పడితే చింతామణి నుంచి మందు తెచ్చి కొట్టాడు. కొట్టాక పదిహేను రోజులు ఆ ఆకు కోయకూడదు. వాళ్ళ నాయన ఆ లెక్క ఆదివారాలతో నేర్పించాడు. మూడు ఆదివారాలు దాటితే కోయొచ్చు. బాగా అలవాటైన లెక్క, ఎన్నడూ తప్పలేదు.

"మట్టల ఆదివారానికి ముందు దినం కొట్టినా. మట్టల ఆదివారం ఒకటి. మళ్ళా స్నానం చేసి తెల్ల చొక్కా వేసుకొని చర్చికి పోయింది రెండు. ఈస్టర్ మూడు."

"మధ్యలోది శుక్రవారం కదా! శుభ శుక్రవారం!"

"అవును. చర్చికి పోయిన దినమంతా ఆదివారమే అనుకునింది నా బుర్ర. నిన్న నువ్వు మైకులో మందు అన్నాక కేలెండరు తీసి చూసినా. పదకొండు దినాలకే కోసినా."

ఇంత పెద్ద నోరున్న నేను అప్పుడు ఏమన్నానో వినండి.

"ఎవురికైనా చెప్పినావా?"

"లేదు."

"చెప్పొద్దు. ఆ సాళ్ళల్లో పాత ఆకు లేదు, ఉండేదంతా కొత్త చిగురు. ఆఫీసరు వచ్చినా ఏమీ తేలదు. నువ్వు నోరు తెరిస్తే నేను మైకులో అన్నదంతా మన మొహానే పడుతుంది. సంఘం చీలిపోతాది. మన ఆకు కొనేదెవురు?"

"మంజుశ్రీ?"

"దాని సంగతి నేను చూసుకుంటా. పోరాటం ఉండాది కదా."

నా మొహంలోకి చూశాడు. కోపం లేదు. అదే నన్ను ఎక్కువ మండించింది.

"ఆ పిల్ల నీ పోరాటం కోసరం ఇంట్లో కూచోలేదు. నేను దినాలు తప్పు లెక్కపెట్టినందుకు కూచుంది."

మరుసటి రోజు ఆదివారం. సాక్ష్యాల వేళ దేవరాజ్ లేచాడు. చర్చి అంతా తిరిగి చూసింది. రెండు ముక్కల్లో చెప్పాడు: ఎప్పుడు మందు కొట్టాడో, ఎప్పుడు ఆకు కోశాడో, ఎవరి పురుగులు చచ్చాయో, ఎవరి పేరు చెడిందో.

పాస్టర్ పురుషోత్తమ్ చెడ్డవాడు కాదు. రోగులను చూడటానికి ఎండలో నడిచి పోయే మనిషి. ఊళ్ళో మన క్రైస్తవుల మీద కన్నేసినవాళ్ళు ఉన్నారని ఆయన భయం. అది ఉత్తి భయం కూడా కాదు. అయినా ఆయన చేసింది తప్పే.

"కూచో దేవరాజ్. అందరం కండ్లు మూసుకొని ప్రార్థన చేద్దాం" అన్నాడు. పాట ఎత్తించాడు. పాట కింద ఆ మాట కప్పేశాడు.

ఆరాధన అయ్యాక కమిటీ పెద్ద మునినారాయణ తలుపు వేయించాడు.

"ఇది బయటికి పోతే ఏమంటారు తెలుసా? క్రైస్తవోడు పురుగుల్ని చంపినాడంటారు."

"అంటారప్పా. చంపితిని కదా."

పాస్టర్ భుజం మీద చెయ్యి వేశాడు. "దేవుడు నిన్ను క్షమించేసినాడు నాయనా. మనసులో ఏమీ పెట్టుకోవద్దు."

"దేవుణ్ణి నిన్ననే అడుక్కున్నా అయ్యగారూ. ఆయనకి నేను చేసిన నష్టమేముండాది? చచ్చింది లక్ష్మణప్ప పురుగులు, చెడింది మంజుశ్రీ పేరు. వాళ్ళని అడగాల."

"సరే అట్లైతే" అన్నాడు మునినారాయణ. "లక్ష్మణప్పకు ఒక్కడికి, గుట్టుగా చెప్పేసిరా."

"ఆ పిల్ల పేరు గుట్టుగా చెడగొట్టలేదప్పా."

నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. పద్దెనిమిదేళ్ళు ఈ మనిషి పక్కన కూర్చుని కునుకు తీశానే అనిపించింది.

సోమవారం పొద్దున ఆరు గంటలు. పాల డైరీ దగ్గర ఊరంతా వరసలో ఉంది, పెద్ద ఇళ్ళవాళ్ళూ కాలనీవాళ్ళూ. పాలలో వెన్న చూసే మిషను కీచుమంటోంది. నిందను ఊరంతా మోసింది ఆ వరసే. అందుకే దేవరాజ్ అక్కడికి వచ్చాడు. చేతిలో క్యాను కూడా లేదు.

"మునికృష్ణప్పా, ఒక్క నిమిషం ఆ మిషను ఆపప్పా" అని డైరీ సెక్రటరీని అడిగాడు.

"ఏమప్పా, ఇక్కడ కూడా ప్రార్థనా?" అన్నాడు సెక్రటరీ. నవ్వుతూనే ఆపాడు.

"లక్ష్మణప్పా, నీ పురుగుల్ని చంపింది నా ఆకు. మందు కొట్టి పదిహేను దినాలు కాకముందే కోసి నీకిచ్చినా. తెలిసి చేయలేదు, లెక్క తప్పినా. మంజుశ్రీకి దీంట్లో ఏ సంబంధమూ లేదు."

 లక్ష్మణప్ప క్యాను కింద పెట్టాడు. 

"నిన్ను ఎవురూ అడగలేదు కదా" అన్నాడు.

"మంజుశ్రీని అడిగినారు కదప్పా."

వెనక నుంచి ఎవడో "బాప్తిస్మం నీళ్ళు బాగానే పని చేస్తాండాయే!" అన్నాడు. ఇద్దరు నవ్వారు.

"నోరు ముయ్యరా" అన్నాడు లక్ష్మణప్ప, తిరిగి చూడకుండానే. తర్వాత దేవరాజ్ దగ్గరికి వచ్చాడు. కొడతాడనుకున్నాను. "నీ ఆకు ఇంగ నా గడప తొక్కకూడదు. తోటకి ట్యాంకరు నీళ్ళు కట్టించుకుంటాండా, మళ్ళా పురుగు తెస్తా. ఆ పంట దిగేవరకు నీ రెక్కలు నావి."

"సరే అప్పా."

వరస చివర మంజుశ్రీ చిన్న సీసా పట్టుకుని నిలబడి ఉంది. దేవరాజ్ ఆమె ముందుకు పోయి చేతులు జోడించాడు.

"నా తప్పు నీ మీద పడిందమ్మా. క్షమించు."

ఆమె ఏడవలేదు. "నాకు చెప్పేది కాదన్నా. వాళ్ళ తట్టు తిరిగి మళ్ళా చెప్పు. గట్టిగా చెప్పు."

తిరిగాడు. మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. గట్టిగా చెప్పాడు.

పదకొండు గంటలకు ఆఫీసరు వస్తే ఆ ఆరు సాళ్ళూ తనే చూపించాడు. సాయంత్రం నేను సంఘం ఆడవాళ్ళను కూర్చోబెట్టి, శనివారం తోటలో నేనన్న మాటలు ఒక్కటీ వదలకుండా చెప్పాను.

"దాచినోణ్ణి ఊరి ముందర నిలబెట్టండి అంటివి కదక్కా. పాపం, నీ మొగుడు తనంతకు తానే పోయి నిలబడినాడు. నిన్ను నిలబెట్టేదే బాకీ" అని ఒకామె అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. కానీ ఎవరూ సంఘం వదిలిపోలేదు.

మా ఆకు మాత్రం ఎవరూ కొనలేదు. తోటలో ఆకు ముదిరిపోతోంది. చేసేది లేక మేమే కొన్ని పిల్లపురుగులు తెచ్చి ముందు గదిలో పెట్టాం. మా పడక వసారాలోకి మారింది. దేవరాజ్ పొద్దున చీకటితో లక్ష్మణప్ప తోటకు పోయి ఆకు కోసేవాడు, మోసేవాడు, తట్టలు మార్చేవాడు. ఒక్క రోజు నాగా పెట్టలేదు. లక్ష్మీనరసమ్మ వినేలా తిట్టేది. తిట్లు అయిపోయాక "అవ్వా, మజ్జిగ ఉంటే పోయండి" అని అడిగేవాడు. తిడుతూనే పోసేది.

ఇంట్లో పురుగులు చూసింది నేనూ మంజుశ్రీ. నాలుగో జ్వరం లేచిన మూడో రోజు ఆమె గడప అవతలే ఆగిపోయింది.

"అక్కా, ఈ పొద్దు నాకు..."

"లోపలికి రా."

"చస్తే?"

"చస్తే చస్తాయి. రా."

గడప దాటి వచ్చి ఆకు పరిచింది. మధ్యాహ్నం దేవరాజ్ అన్నానికి వస్తే నేను చెప్పేలోపే ఆమే చెప్పింది, తల వంచకుండా. నేను ఆయన మొహమే చూస్తున్నాను.

"చేతులు కడుక్కున్నావా?"

"కడుక్కున్నా."

"మరి ఇంగేమి. ఆ మూల తట్టకి ఆకు తక్కువ ఉండాది చూడు" అని కంచం ముందర కూర్చున్నాడు.

వారం తిరిగేసరికి, పురుగులను గూడు కట్టడానికి వదిలే వెదురు చంద్రికల నిండా గూళ్ళు. వేళ్ళతో నొక్కితే లొంగని గూళ్ళు. మంజుశ్రీ ఒకటి చేతిలో పెట్టుకుని చెవి దగ్గర ఊపి చూసింది. లోపల గలగలమంటే ఇంకోటి తీసింది.

లక్ష్మణప్ప పంట కూడా దిగింది. చివరి రోజు తట్టలు కడుగుతుంటే ఆయన దేవరాజ్‌ను అడిగాడట.

"ఆదివారం ఆదివారం పోతావు కదా, ఆడ ఏమి చేస్తారప్పా?"

"పాడతాం. వాక్యం వింటాం. కూచుంటాం."

"అంతేనా? మరి ఇది యాడ నేర్చినావు?"

 మా ఆయన ఇంటికొచ్చి అదే మాట నన్ను అడిగాడు. నన్ను అడిగితే ఏం చెప్పను? ఆయన్ని చూసే నేను నేర్చుకుంటున్నాను.

అన్నేళ్ళూ చర్చిలో ఆయన తిప్పిన కానుకల సంచి తీసేసుకున్నారు. ఇప్పటికీ పెద్దలు సరిగ్గా పలకరించరు. అయినా ప్రతి ఆదివారం పోతాడు, వెనక చాప మీద కూర్చుంటాడు. "ఎందుకు పోతావు ఇంకా?" అంటే "వాళ్ళు నా వాళ్ళు కదా, యాడికి పోతా?" అంటాడు. ఇప్పుడు పక్కన కూర్చుని నేను కునుకు తీయడం లేదు. నాకూ చర్చి అంటే ఆ వెనక చాపే.

కానీ మంజుశ్రీకి ఏం జరిగింది? నింద పోయింది, కూలి రాలేదు. "మందే అయి ఉండొచ్చు, అయినా ఆ పిల్ల మా షెడ్లోకి వద్దు" అని లక్ష్మీనరసమ్మ. మిగతా షెడ్లూ ఆ ముసలామె మాట చాటున దాక్కున్నాయి. మా ఇంటి ఒక్క పంటతో ఆమె ఇల్లు గడవదు.

కాబట్టి ఇప్పుడు చేయాల్సింది చెబుతున్నాను. లక్ష్మణప్పా, గురువారం నీ షెడ్లోకి కొత్త పురుగులు వస్తున్నాయి. నువ్వే కాలనీకి వచ్చి మంజుశ్రీని పిలవాలి, మనిషిని పంపడం కాదు. ఆ నెలసరి నియమం తీసి పారేయండి, చేతులు కడుక్కోవాలన్న నియమం ఒక్కటి చాలు. ఆకు అమ్మేవాళ్ళందరూ మందు కొట్టిన తేదీ పలక మీద రాసి తోటలో నిలబెట్టండి. మా గట్టు మీద పెట్టేశాం, వచ్చి చూసుకోండి. పాస్టరుగారూ, మునినారాయణా, మీకు తెలిసి ఒక రోజంతా నోరు మూసుకున్నారు. అదే పాల డైరీ దగ్గరికి రండి, అదే వరస ముందర ఆ మాట చెప్పండి. ఆమె కోసం ప్రార్థన చేస్తామని కబురు పంపారు. ఆమె అడిగింది ప్రార్థన కాదు, పని. గురువారం పొద్దున లక్ష్మణప్ప గడప దాకా ఆమె వెంట నడవండి. ఆమె లోపలికి పోయి ఆకు పరిచేదాకా బయట నిలబడండి. ఆ తర్వాత ఆదివారం సాక్ష్యం చెప్పడానికి మీ దగ్గర ఏమన్నా ఉంటుంది.